తొందరకి కారణం

దర్జీ వీసా సెంటర్ మెట్లు దిగుతూ చనిపోయాడు. పాస్‌పోర్ట్ చేతిలో ఉంది, అందులో కొత్త వీసా ఉంది, మొహం మీద నవ్వు ఉంది. కింది మెట్టు ఇంకా అందలేదు. న్యూస్‌పేపర్ మడిచి పట్టుకున్న ఒకాయన "సారీ" అంటూ ఒరుసుకుంటూ వెళ్లిపోయాడు. డాక్టర్లు గుండెపోటు అని తేల్చేశారు. పేపర్ మడతలో విషపు సూది ఉంటుందని పాపం వాళ్లకి ఎవరు చెబుతారు?

దర్జీని రహస్యంగా దేశం దాటించాల్సిన ఏజెంట్‌ని డిపార్ట్‌మెంట్‌లో అందరూ తాబేలు అంటారు. ఏ ఆపరేషన్ అయినా వెనకా ముందూ చూసుకుని గానీ అడుగు తియ్యడు. జన్మలో ఒక్కసారి తొందరపడ్డాడు. "మామూలు క్యూలో వారాలు పడుతుంది. కాస్త ఎక్కువ కట్టి ఎక్స్‌ప్రెస్‌లో వెయ్యి, చిటికెలో చేతికొస్తుంది" అని దర్జీకి సలహా ఇచ్చింది అతనే. అప్పటినుంచీ ఏ వెయిటింగ్ హాల్లో అడుగుపెట్టినా మూల కుర్చీలో దర్జీ కనిపిస్తాడు. మెడలో టేపు, ఒళ్లో పాస్‌పోర్ట్. ఏమీ అనడు. ఏదైనా అంటే బాగుండునని తాబేలుకి అనిపిస్తుంది.

"ఇప్పుడు టీచర్ని దేశం దాటించాలి," అన్నాడు చీఫ్, బ్రీఫింగ్ రూమ్ తలుపు మూస్తూ.

లెక్కల టీచర్. పై ఆదాయం కోసం ఎవరో పంపిన అంకెల్ని కోడ్‌గా మార్చి తిరిగి పంపేది. అంతా కవర్ల మీదే; పంపింది దర్జీని చంపిన ముఠాయే గానీ, అందులో ఆమె మొహం చూసినవాళ్లు లేరు. ఆ అంకెలు మన ఏజెంట్ల ఇళ్ల చిరునామాలని ఒకరోజు ఆమెకి అర్థమైంది. కోడ్ మొత్తం తలలో పెట్టుకుని మాయమైంది. ఇప్పుడు ఒక లాండ్రీ పైగదిలో మన రక్షణలో ఉంది.

"ఎంబసీకి తీసుకెళ్తే?"

"గేటు ముందు బెలూన్లు అమ్మేవాడు కూడా వాళ్ల మనిషేనయ్యా. వీసా సెంటర్ అయితే జనంలో జనం. ఎక్స్‌ప్రెస్ లాంజ్ మేనేజర్ మనకి ఏళ్ల తరబడి రిపోర్టులు పంపుతోంది. ఆమెని వాడుకో."

"ఆమెకి టీచర్ సంగతే చెప్పొద్దు సర్. నన్ను ఆమె ఎప్పుడూ చూడలేదు. అలాగే ఉండనివ్వండి. ఎక్స్‌ప్రెస్ కూడా వద్దు. మామూలు క్యూలోనే వేస్తాను."

చీఫ్ కుర్చీలోంచి లేచినంత పని చేశాడు. "తల మీద కత్తి వేలాడుతున్న మనిషిని క్యూలో నిలబెడతావా?"

"దర్జీ పోయే ముందు నాకు ఫోన్ చేశాడు సర్. లాంజ్‌లో మేడమ్ కాఫీ ఇచ్చి, ఎందుకండీ ఇంత తొందర అని అడిగిందట. నాకు అబద్ధం చేతకాదు కదా, ఊరికేనండీ అన్నాను అన్నాడు." తాబేలు గొంతు సవరించుకున్నాడు. "ఉద్యోగమో, ఆపరేషనో, చెల్లెలి పురుడో లేకుండా అంత డబ్బు పోసి తొందరపడేది ఎవరు? పారిపోయేవాళ్లు. ముఠావాళ్లకి పేరు అక్కర్లేదు, మొహం అక్కర్లేదు. కారణం లేని తొందర ఒక్కటి చాలు."

మేనేజర్ మీద అనుమానం ఉంది. రుజువు లేదు. చీఫ్ గొణుగుతూనే ఒప్పుకున్నాడు.

లాండ్రీ పైగదిలో ఇస్త్రీ ఆవిరి వాసన. కింద మిషన్లు తిరుగుతుంటే నేల సన్నగా వణుకుతుంది. టీచర్ కిటికీకి దూరంగా, గోడకి ఆనుకుని కూర్చుంది.

"ఎన్నాళ్లు ఆగగలరు మేడమ్?" అడిగాడు తాబేలు.

"బోర్డు మీద లెక్క రాసి, వెనక బెంచీ వాడికి వెలిగేదాకా ఆగడమే కదండీ నా ఉద్యోగం. ఆగుతాను."

మాట ధైర్యంగానే వచ్చింది. కానీ ఆమె చెప్పులు విప్పకుండానే నిద్రపోతోందని తాబేలు గమనించాడు. వారాలు గడిచాయి. వెబ్‌సైట్‌లో ఎప్పుడు చూసినా ఒకటే ముక్క: పరిశీలనలో ఉంది. ముఠావాళ్లు ఇల్లిల్లూ జల్లెడ పడుతున్నారు. ఒకరోజు కింద లాండ్రీలోకి కూడా వచ్చి, కొత్తగా ఎవరైనా అద్దెకి దిగారా అని అడిగి వెళ్లారు. తాబేలు మెట్లకి అడ్డంగా నిలబడ్డాడు. పక్కనే దర్జీ కూడా నిలబడ్డాడు.

ఆ మర్నాడు తాబేలు ఏసీ మెకానిక్ వేషంలో వీసా సెంటర్ కారిడార్‌లో నిచ్చెన ఎక్కి ఉన్నాడు. స్క్రూడ్రైవర్ పిడిలో కెమెరా, చెవిలో రేడియో. పని రోజువారీ నిఘా, అంతే. రేడియోలో చీఫ్ గొంతు హుషారుగా పలికింది.

"తాబేలూ, శుభవార్త! అప్లికేషన్ మధ్యలో ఉన్నా అప్‌గ్రేడ్ చేసుకోవచ్చట. నీకు చెబితే నసుగుతావని నేనే కట్టేశాను. వీసా వచ్చేసింది! ఎక్స్‌ప్రెస్ లాంజ్‌లో తీసుకోమని మెసేజ్ వచ్చిందట, టీచర్ ఎప్పుడో బయలుదేరింది, ఈపాటికి లోపలే ఉంటుంది."

తాబేలు నిచ్చెన దిగి లాంజ్ తలుపు వైపు నడిచాడు.

"సర్, ఆమె తొందరకి కారణం ఏదీ?"

"కారణమేంటయ్యా, ప్రాణ..." అంటూ చీఫ్ ఆగిపోయాడు. అవతల కుర్చీ కిర్రుమంది.

లాంజ్ తలుపుకి గాజు పలక ఉంది. లోపల మెత్తటి సోఫాలు, సన్నటి సంగీతం. టీచర్ ఒళ్లో పాస్‌పోర్ట్ కవర్ పెట్టుకుని కూర్చుంది. మూల కుర్చీలో దర్జీ. తాబేలు కళ్లు మూసి తెరిచాడు. ఆ కుర్చీలో ఇప్పుడు ఇంకొకడు ఉన్నాడు, మడిచిన న్యూస్‌పేపర్‌తో.

మేనేజర్ టీచర్ వైపు నడిచింది. మెడలో ముత్యాలు, మాటలో తేనె. ఆమె అడుగు వేస్తే లాంజ్‌లో మగవాళ్లంతా టై సర్దుకుంటారు. తాబేలు తలుపు సందులో చెవి పెట్టాడు.

"మధ్యలో అప్‌గ్రేడ్ చేయించారే! ఏంటమ్మా అంత తొందర?"

"అమ్మకి ఒంట్లో బాలేదండీ."

"అయ్యో! ఏ హాస్పిటల్?"

టీచర్ నోరు తెరిచింది. లెక్కల్లో ఆమెకి తిరుగులేదు గానీ, దొంగ జవాబు అప్పటికప్పుడు పుట్టించడం ఆమెకి రాలేదు.

మేనేజర్ నవ్వి, కౌంటర్ దగ్గరికి వెళ్లి కాఫీ తెచ్చింది. లాంజ్‌లో అందరి చేతుల్లోనూ తెల్ల కప్పులు. టీచర్ ముందు పెట్టింది ఎర్ర కప్పు. మూల కుర్చీలోని మనిషి లేచాడు. పేపర్ని ఇంకో మడత వేశాడు.

తుపాకీ తీస్తే వాడు దొరుకుతాడు, ముఠా దొరకదు, టీచర్ మొహం అందరికీ తెలిసిపోతుంది. ఆలోచించడానికి తాబేలుకి ఈసారి టైం లేదు. టోపీ విసిరేశాడు. చొక్కా గుండీలు పీకేశాడు. తలుపు ధడాలున తోశాడు.

"ఏమే! పోయి పదేళ్లయిన మీ అమ్మకి ఇప్పుడొచ్చిందా జ్వరం?"

లాంజ్ అంతా బిత్తరపోయింది. టీచర్ ఆ గొంతు గుర్తుపట్టింది.

"నన్ను ముంచి, నా సొమ్ముతో ఎక్స్‌ప్రెస్ వీసానా? ఎవడే వాడు? నేను నిచ్చెనలెక్కి చస్తుంటే నువ్వు విమానాలెక్కుతావా?"

టీచర్ మెల్లగా లేచింది. పేపర్ మనిషి ఆమె వెనక అడుగు దూరంలో ఉన్నాడు.

"అవును, పోతున్నాను!" అంది. గొంతు మొదట వణికింది, తర్వాత వణకలేదు. "ఇన్నాళ్లూ భయపడి చచ్చాను. చెప్పులేసుకుని పడుకున్నాను. ఇంక నా వల్ల కాదు!"

తాబేలు చెంప మీద చాచిపెట్టి కొట్టింది. ఆ చప్పుడుకి సంగీతం కూడా ఆగినట్టు అనిపించింది. ఎవరో ఒకావిడ "బాగా చేశావమ్మా" అంది. సెక్యూరిటీ గార్డ్ తాబేలు కాలర్ పట్టుకుని ఈడ్చాడు.

మొగుణ్ని వదిలి పారిపోతున్న ఆడది. కారణం దొరికింది. మేనేజర్ ముత్యాలు సవరించుకుని, జాలిగా ఎర్ర కప్పు వెనక్కి తీసుకుంది.

"చల్లారిపోయిందమ్మా, వేరేది ఇస్తాను," అంటూ తెల్ల కప్పు పెట్టింది.

పేపర్ మనిషి ఆవులించి మళ్లీ కూర్చున్నాడు. ఈడ్పించుకుంటూనే తాబేలు స్క్రూడ్రైవర్ పిడిని అటు తిప్పి, రేడియోలోకి గొణిగాడు.

"చూశారా సర్? ఎర్ర కప్పు. ఆమే."

"చూశాను," అన్నాడు చీఫ్. ఆయన గొంతులో హుషారు లేదు. "ఇద్దర్నీ అదుపులోకి తీసుకుంటాం. తాబేలూ... నా తప్పయ్యా."

ఆ తప్పు రుచి తాబేలుకి తెలుసు.

వీధి మలుపులో టాక్సీ ఆగి ఉంది. టీచర్ వెనక సీట్లో కూర్చుంది. ఇప్పటికి ఆమెకి ఏడుపు వచ్చింది. పాస్‌పోర్ట్ తడవకుండా పైకెత్తి పట్టుకుని మరీ ఏడ్చింది. గార్డ్ బయటికి గెంటేసిన తాబేలు వచ్చి, ఎక్కి తలుపు వేసుకున్నాడు. కారు ఎయిర్‌పోర్ట్ దారి పట్టింది. అతని చెంప మీద వేళ్లు అచ్చుగుద్దినట్టు తేలాయి.

"క్షమించండి. మరీ గట్టిగా కొట్టేశాను కదూ?"

"పర్వాలేదు మేడమ్," అన్నాడు తాబేలు. "ఎవరో ఒకరు కొడతారని చాలా రోజులుగా క్యూలో ఉన్నాను."