కొత్త మీటర్ వద్దన్న మెకానిక్

మెకానిక్‌ను అతని స్క్రూడ్రైవర్‌తోనే పొడిచి చంపారు. చంపి, దాన్ని శుభ్రంగా తుడిచి, పెట్టెలో సర్ది మరీ పోయారు.

"ఎంత పద్ధతైన మనుషులో చూడు," అన్నాడు చీఫ్ తన ఏజెంటుతో. "పదింటికి కాన్వాయ్. విదేశీ అతిథి కారు ముందు నడిచే పైలట్ మోటార్‌సైకిల్ స్పీడ్ మీటర్ నిన్నటి నుంచి వెలుగుతూ ఆరుతూ ఉంది. చూడాల్సిన ముసలి మెకానిక్ పోయాడు. నువ్వెళ్లు."

"కాన్వాయ్ ఆపొచ్చుగా సార్?"

"ఆపితే అతిథిని చంపాలని చూస్తున్న ముఠా జారుకుంటుంది. ఆ బండి నడిపేది మీ తమ్ముడే. నువ్వైతే ఒళ్లు దగ్గర పెట్టుకుని చేస్తావని నిన్నే పంపుతున్నా."

ఆ ఏజెంటును ఆఫీసులో జలగ అంటారు. పట్టుకుంటే వదలడు. ఆ క్షణాన అతనికి చీఫ్ పీక పట్టుకోవాలనిపించింది. పళ్లు బిగించి, పెట్టుడు గడ్డం, గ్రీజు మరకల చొక్కా, లోపల వైర్‌లెస్ దాచిన మల్టీమీటర్‌తో షెడ్డుకు వెళ్లాడు. ఆపద కోడ్: 'ఫ్యూజ్ పోయింది'.

గేటు దగ్గర యూనిఫాంలో ఉన్న తమ్ముడు అన్నను గుర్తుపట్టలేదు. "త్వరగా కానీవయ్యా, గడ్డం," అని విసుక్కున్నాడు.

షెడ్డులో నల్లకళ్లద్దాల ప్రోటోకాల్ ఆఫీసరు నిలబడి ఉంది. గ్రీజు కంపును కూడా కప్పేసే సెంటు. చేతిలో అట్టపెట్టె.

"ఎందుకయ్యా అవస్థ? ఇదిగో కొత్త మీటర్. పాతది పీకి పెట్టేయ్. ముసలాయనకీ ఇదే చెప్పాను, వింటేగా!"

"ఒక్కసారి చూస్తాను మేడమ్."

బ్యాటరీ టెర్మినల్స్ బిగుతుగానే ఉన్నాయి. ఫ్యూజు బాగుంది. కీ తిప్పాడు, మీటర్ వెలిగింది. హ్యాండిల్ ఎడమకు తిప్పాడు, ఆరింది. నిటారుగా పెట్టాడు, మళ్లీ వెలిగింది. అంటే మీటర్ తప్పు కాదు, హ్యాండిల్‌తో పాటు కదిలే వైరుది. ఆమె ఫోన్ మాట్లాడటానికి బయటికి వెళ్లగానే హ్యాండిల్ కింద టేపు విప్పాడు. నల్ల ఎర్త్ వైరు సగం తెగి ఉంది. రాపిడికి తెగిన తీగ చీపురులా విచ్చుకుంటుంది. ఇది బ్లేడుతో కోసినట్టు సమంగా ఉంది.

జలగకు ఒళ్లు మండింది. ఎవడైనా వైరు వెతకడానికి బద్ధకించి మీటర్ మార్చేస్తాడు. కోసినవాళ్ల ధైర్యం అదే. ముసలాయన మాత్రం తప్పెక్కడో తేలకుండా సామాను మార్చే రకం కాదు. అందుకే చంపారు.

ఆమె తిరిగొచ్చేసరికి మీటర్ నిలకడగా వెలుగుతోంది, అట్టపెట్టె కనిపించడం లేదు.

"మార్చేశాను మేడమ్. ట్రయల్ చూద్దాం, ఎక్కండి."

ఆమె వెనక్కి అడుగు వేసేలోపు ఎత్తి కూర్చోబెట్టి, చేతికి బేడీ వేసి సీటు వెనక రాడ్‌కు తగిలించాడు. షెడ్డు వెనక ఖాళీ మైదానంలోకి బండి దూకింది.

"నలభై," చదివాడు జలగ. "యాభై."

"ఆపు! ఆపరా!"

"కొత్త మీటరేగా, భయమెందుకు? యాభై ఐదు."

"అరవై దాటితే పేలుతుంది!"

"ముసలాయన్ని చంపిందెవరు? యాభై ఏడు."

ఆమె ఏడుస్తూ పేర్లన్నీ కక్కింది. చంపింది తనేనని కూడా ఒప్పుకుంది. నిజం చెప్పాలంటే ఆ ఏడుపు అతనికి హాయిగా ఉంది. అన్నీ విన్నాక కూడా వేగం తగ్గించలేదు.

"స్పేర్ బండిలోనూ అదే మీటర్ పెట్టించాం! ఇంకేం దాచలేదు, ఆపు!"

జలగ వాచీ చూశాడు. పైలట్ బండి తన కిందే ఉంది. టైమ్ పది దాటింది. అంటే తమ్ముడు స్పేర్ బండి మీద బయలుదేరి ఉంటాడు.

"ఫ్యూజ్ పోయింది! పైలట్‌ను ఆపండి!" వైర్‌లెస్‌లో అరిచాడు.

అవతల నుంచి తమ్ముడి గొంతు చిరాగ్గా వినిపించింది. "యాభై తొమ్మిదిలో ఉన్నా. ఆపాను. ఎవడయ్యా ఆ మెంటల్?"

జలగ బండి ఆపేశాడు. ఆ ఏడుపు ఇంకో నిమిషం ఆస్వాదించి ఉంటే తమ్ముడు దక్కేవాడు కాదు.

"మరి... ఈ బండిలో?" ఆమె వెక్కుతూ అడిగింది.

"పాత మీటరే తల్లీ. తెగిన వైరు అతికానంతే."

వైర్‌లెస్‌లో చీఫ్ గొంతు మోగింది. "శభాష్! ఆ కొత్త మీటర్ ఎక్కడ?"

"జవానుతో పంపించాను సార్. ఈపాటికి మీ టేబుల్ మీద ఉంటుంది."

అవతల కుర్చీ పడిపోయిన చప్పుడు స్పష్టంగా వినిపించింది.