స్విచ్చు లేని ట్రెడ్‌మిల్

రిలే పందెం బ్యాటన్ బడి గ్రౌండు దుమ్ములో పడి ఉంది. నందిని గానీ, స్వీటీ గానీ దాన్ని చూడటం లేదు. ఒకరి మొహంలోకి ఒకరు చూసుకుంటున్నారు.

"గట్ల మీద మీదికి వస్తే ఎట్ల పట్టుకోవాలె?" అంది స్వీటీ.

"నువ్వు స్తంభం లెక్క నిలబడితే నేనేం చెయ్యాలె?" అంది నందిని.

"నేను స్తంభాన్నా? నువ్వు బ్రేకుల్లేని ఆటోవి."

చుట్టూ ఉన్న పిల్లలు నవ్వారు. ఆ నవ్వు ఇద్దరికీ కొత్త బలం ఇచ్చింది. గొంతులు ఇంకొంచెం పెరిగాయి.

పీఈటీ సాయికుమార్ సార్ నోట్లోంచి విజిల్ తీశారు. "ఇగ ఆపుతరా, లేదా?"

"ముందు దాన్ని ఆపమనండి సార్," అంది నందిని.

"ముందు దీన్ని ఆపమనండి సార్," అంది స్వీటీ.

సార్ ఇద్దర్నీ మార్చి మార్చి చూశారు. వంగి బ్యాటన్ తీసి ప్యాంటుకు తుడిచారు.

"రేపు పొద్దున ఇంకోసారి ఉరకండి. రేపు కూడ ఇది కింద పడిందనుకో, రిలేకు మీ ఇద్దరి జాగల వేరేటోళ్ళని పంపుత. లొల్లి కూడ ఉండదు."

రిలేలో నందిని తరువాత స్వీటీ పరిగెత్తాలి. నందిని దగ్గరికి వస్తూ "చెయ్యి" అని అరవాలి. స్వీటీ వెనక్కి చూడకుండా, పరిగెడుతూనే చెయ్యి వెనక్కి చాపాలి. ఉన్నది అంతే. ఇవాళ నందిని ఆ మాట అరవలేదు. స్వీటీ వెనక్కి తిరిగి చూసింది. ఇద్దరూ గుద్దుకున్నారు.

బడి నుంచి రోజూ ఇద్దరూ కలిసే వెళ్తారు. ఇవాళ స్వీటీ రోడ్డుకు అటు పక్క నడిచింది. నందిని ఇటు పక్క నడిచింది. మధ్యలో ఆటోలు, స్కూటర్లు, ఉల్లిగడ్డల బండి. ఎవరూ ముందుకు పోలేదు, ఎవరూ వెనకబడలేదు. మూల మలుపు దాకా అలాగే నడిచి విడిపోయారు.

*

సాయంత్రాలు నందిని కార్వాన్ బస్తీలో అమ్మమ్మ సత్తెమ్మ ఇంట్లో ఉంటుంది. అమ్మ పని నుంచి వచ్చి తీసుకెళ్తుంది. ఇంటి వెనక రేకుల షెడ్డు. సగం షెడ్డులో అమ్మమ్మ బర్రెలు ఉంటాయి. ఇంతకు ముందు గడ్డి వేసే మిగతా సగంలో ఇప్పుడు భాగ్య చిన్నమ్మ యంత్రం ఉంది.

చిన్నమ్మ లిఫ్టులు చేసే కంపెనీలో ఇంజనీరు. "పొద్దంత మోటార్లతోనే పని. ఇంటికొస్తే మోటారు లేనిదేదన్న చెయ్యబుద్ధి అయితది," అంటుంది.

ఇన్నాళ్ళూ ఆ యంత్రం మీద పాత దుప్పటి కప్పి ఉండేది. ఇవాళ దుప్పటి తీసేసి ఉంది. నందిని గుమ్మంలోనే నిలబడిపోయింది.

అది ట్రెడ్‌మిల్. కానీ నందిని జిమ్ము అద్దంలోంచి చూసిన ట్రెడ్‌మిల్‌లా చదునుగా లేదు. నడుమ కిందికి దిగి, ముందూ వెనకా పైకి లేచి ఉంది. చీరతో కట్టిన ఊయల ఎలా వంగుతుందో అలా. రబ్బరు అతికించిన సన్నని పలకలు ఒకదాని పక్కన ఒకటి, మాలలా చుట్టూ తిరిగి వచ్చాయి. వాటి కింద రెండు వైపులా చిన్న చిన్న చక్రాల బారు. నందిని వేలితో ఒక పలకను నెట్టింది. మాల అంతా కదిలింది. చప్పుడు కూడా పెద్దగా లేదు.

వైరు లేదు. ప్లగ్గు లేదు.

"చిన్నమ్మా, దీని స్విచ్చు ఏది?"

"నువ్వే," అంది చిన్నమ్మ.

నందిని నవ్వింది. చిన్నమ్మ నవ్వలేదు. "నిజంగ. ముందుకు అడుగు వేసినవనుకో, నీ బరువుకు పలక కిందికి జారుతది. ఎంత పైకి ఎక్కి అడుగు వేస్తే అంత జల్ది జారుతది. నడుమ కాడికి వస్తే మెల్లగయితది."

"గీ వంపు ఎట్ల తెలిసింది నీకు?"

చిన్నమ్మ గోడ చూపించింది. గోడకు రెండు మేకులు. వాటి మధ్య సైకిల్ గొలుసు వేలాడుతోంది. గొలుసు వెనక సుద్దతో గీసిన వంపులు ఉన్నాయి.

"గొలుసు వదులు చేస్తే లోతయితది. బిగిస్తే చదునయితది. ముందుగాల లోతుగ చేసిన. ఎక్కంగనే నన్ను గుంజి పడేసింది. తరువాత చదును చేసిన. ఎంత తొక్కినా కదలలే. మస్తు సార్లు గొలుసు మార్చిన."

గోడ మీది గీతలన్నీ నందిని చూసింది. చాలా గీతలు చెరిపి ఉన్నాయి. ఒక్కటి మాత్రం గట్టిగా, పదే పదే దిద్ది ఉంది. పడిపోయినప్పుడల్లా చిన్నమ్మ లేచి వచ్చి ఈ గోడ దగ్గర నిలబడి ఉంటుంది. ఎవరి మీదా కోపం లేకుండా గొలుసు కొంచెం బిగించి, కొంచెం వదిలి చూసి ఉంటుంది. ఆ వంపు నందినికి అకస్మాత్తుగా చాలా అందంగా కనిపించింది.

అమ్మమ్మ పాల బకెట్టుతో వచ్చింది. "ఏం దాణా పెడ్తవే దీనికి?"

"ఏం పెట్టను అమ్మా. ఎక్కినోళ్ళే నడిపిస్తరు."

"నిజంగనే కరెంటు తాగదా?"

"తాగదు."

"అయితే నా బర్రెలకంటే నయం," అంది అమ్మమ్మ. పక్కనున్న బర్రె తల తిప్పి చూసింది.

"నేను ఎక్కుత," అంది నందిని.

"ఎక్కు. ముందు నడువు. ఉరకాలనిపించినా ఉరకకు. భయమైతే..."

"నాకు తెలుసు చిన్నమ్మా," అంది నందిని. అప్పటికే ఎక్కేసింది.

మొదటి అడుగుకే పలకలు జారాయి. రెండో అడుగు దానంతట అదే పడింది. బాగుంది. కాలి కింద నేల వెనక్కి పోతోంది, తను ఉన్నచోటే ఉంది. గల్లీలో పరిగెత్తాలంటే ఆటోలు చూడాలి, కుక్కల్ని చూడాలి. ఇక్కడ ఏమీ చూడక్కర్లేదు.

చూడటానికి ఏమీ లేకపోతే, స్వీటీ గుర్తొచ్చింది.

బ్రేకుల్లేని ఆటో అంట. నందిని అడుగు పెద్దదైంది. అందరి ముందు అంది. ఇంకో అడుగు. వెనక్కి చూసింది స్వీటీ, మాట అన్నది నన్ను. తెలియకుండానే నందిని వంపు పైకి ఎక్కింది. పలకలు సర్రుమన్నాయి.

ఇప్పుడు అది చాలా వేగంగా ఉంది. తను అనుకున్న దానికంటే వేగంగా. వెనక్కి విసిరేస్తుందేమో అనిపించింది. తప్పించుకోవాలని ముందుకు ఉరికింది. ముందుకు ఉరికిన కొద్దీ దాని వేగం ఇంకా పెరిగింది.

"ఆపు చిన్నమ్మా! ఆపు!"

చిన్నమ్మ పక్కకు వచ్చి, పట్టుకోవడానికి సిద్ధంగా చేతులు చాపింది. కానీ యంత్రాన్ని ముట్టుకోలేదు. గొంతు కూడా పెంచలేదు.

"ఆపనీకి దీంట్ల ఏం లేదు బిడ్డా. నువ్వు ఆగు."

"ఎట్ల ఆగాలె? అది ఉరుకుతుంది!"

"అది ఉరుకుతలేదు. చిన్న అడుగులు వెయ్యి. నిన్ను ఎనుకకు జారనియ్యి."

వెనక్కి జారడం. నందిని ఒళ్ళంతా వద్దంటోంది. వెనక ఏదో ఉంది, మింగేస్తుంది అన్నట్టుగా ఉంది. అయినా ఒక అడుగు చిన్నగా వేసింది. వంపు ఆమెను నడుమ దగ్గరికి దింపింది. ఇంకో చిన్న అడుగు. పలకల చప్పుడు తగ్గింది. ఇంకోటి. పలకలు ఆగాయి.

వెనక ఏమీ లేదు. గడ్డి మోపు ఉంది, అంతే.

నందిని దిగి షెడ్డు గుమ్మంలో కూర్చుంది. చిన్నమ్మ నీళ్ళ చెంబు ఇచ్చి పక్కన కూర్చుంది.

"నన్ను తరిమింది చిన్నమ్మా."

"ఎవరు?"

నందిని యంత్రం వైపు చూపించబోయింది. అది కదలకుండా ఉంది. ఎవరూ ఎక్కకపోతే అది ఎప్పటికీ అలాగే ఉంటుంది. నందిని చెయ్యి దించేసింది.

"నేను కూడ మొదటి రోజు గట్లనే అరిసిన," అంది చిన్నమ్మ. "మీ అమ్మమ్మ ఉరికొచ్చి ప్లగ్గు కోసం ఎతికింది."

లోపల అమ్మమ్మ పాలు పిండుతోంది. పాల ధార బకెట్టులో పడే చప్పుడు వినిపిస్తోంది. నందిని కళ్ళు మూసుకుంది. తలలో గొడవ ఇంకా నడుస్తూనే ఉంది. రేపు స్వీటీ ఇలా అంటే తను ఇలా అనాలి. దానికి స్వీటీ ఇంకోటి అంటుంది. అప్పుడు తను ఇంకా గట్టిది అనాలి.

ఉన్నట్టుండి ఆమెకు ఒక వింత తోచింది. స్వీటీ ఇప్పుడు ఇక్కడ లేదు. తన ఇంట్లో అన్నమో, హోంవర్కో చూసుకుంటూ ఉంటుంది. ఇక్కడ తలలో మాట్లాడుతున్న స్వీటీ కూడా తనే. ప్రశ్నా తనదే, జవాబూ తనదే. తను తొక్కుతున్న కొద్దీ అది తిరుగుతోంది.

నందిని కళ్ళు తెరిచింది. తరువాతి జవాబు కోసం వెతకలేదు. పాల చప్పుడు విన్నది.

*

పొద్దున గ్రౌండులో స్వీటీ ముందే వచ్చి ఉంది. చేతులు కట్టుకుని నిలబడింది.

"ఇయ్యాల కూడ గుద్దుతవా?"

జవాబు నందిని నాలుక చివరికి వచ్చేసింది. మంచి జవాబు. అందరూ నవ్వేది. నందిని దాన్ని అక్కడే ఉంచింది. అది మెల్లగా వెనక్కి జారిపోయింది.

"నిన్న నేను చెయ్యి అని చెప్పలే," అంది. "చెప్పకుండనే మీదికొచ్చిన."

స్వీటీ ఇంకా పెద్ద గొడవకు సిద్ధమై వచ్చింది. ఇప్పుడు ఆ సిద్ధమైనదాన్ని ఏం చెయ్యాలో ఆమెకు తోచలేదు. చేతులు విప్పి, మళ్ళీ కట్టుకుని, మళ్ళీ విప్పింది.

"చెయ్యి అని గట్టిగ ఒర్రు ఈసారి," అంది చివరికి. "నువ్వు ఒర్రితే నేను ఎనుకకు చూడను." రిబ్బను సర్దుకుంటూ, "నిన్న భయమై చూసిన," అంది.

"నాకు కూడ భయమైంది."

సార్ విజిల్ ఊదారు.

మూడో మలుపు దగ్గర నందిని చేతికి బ్యాటన్ వచ్చింది. ఆమె పరిగెత్తింది. దూరంగా స్వీటీ వీపు, ఎర్ర రిబ్బన్లు కనిపిస్తున్నాయి. వీపు దగ్గరవుతోంది. స్వీటీ పరుగు అందుకుంది. వెనక్కి తిరగలేదు.

"చెయ్యి!"

చెయ్యి వెనక్కి వచ్చింది, వేళ్ళు విప్పుకుని. నందిని బ్యాటన్‌ను అందులో పెట్టింది. వేళ్ళు ముడుచుకున్నాయి.

స్వీటీ ముందుకు దూసుకుపోయింది. నందిని కాళ్ళు మాత్రం ఇంకా వెంట పరిగెత్తాలనుకుంటున్నాయి. నందిని చిన్న అడుగు వేసింది. ఇంకా చిన్నది వేసింది.

ఎవరూ ఆపకుండానే ఆగింది.