బ్రాకెట్లో గర్జన

ఉదయం తొమ్మిదింటికల్లా మాస్టారు రాణిని చంపేసి, చేతులు కడుక్కుని, కాఫీకి కూర్చున్నాడు.

రాణి అంటే భూమి మీదికి దండెత్తి వచ్చిన గ్రహాంతరవాసుల రాణి. తొమ్మిదేళ్ళుగా వారం వారం టీవీలో వచ్చే ఆయన సీరియల్లో ఆవిడ ఓడిపోతూనే ఉంది. ఊరంతేసి ఓడలు ఆవిడవి. సూర్యుణ్ణి దీపంలా ఆర్పేసే ఆయుధాలు ఆవిడవి. అయినా సరే, చివరి అయిదు నిమిషాల్లో కెప్టెన్ ఓ పానా పట్టుకుని వెళ్ళి, ఎక్కడో ఓ నట్టు విప్పేసి, లోకాన్ని కాపాడేసేవాడు.

"నక్షత్రాలు దాటొచ్చినవాళ్ళకి తలుపు గడియ పెట్టుకోవడం తెలీదా నాన్నా?" అని కూతురు వేళాకోళం చేస్తే మాస్టారు కొట్టిపారేసేవాడు. "మృగాలకి గడియలేంటే? మనిషే గెలవాలి. టీవీ కొనేది మనిషి కదా!"

ఆ రాణికి గొంతు మాస్టారి భార్యది. కప్పు ఆయన ముందు పెడుతూ, బల్లమీది ఆఖరి పేజీని నిలబడే చదివింది.

"ఏవండీ, రాణి చచ్చిపోతుందా?"

"ఎప్పుడో చావాల్సింది."

"మరి నేను?"

"నువ్వెందుకు చస్తావ్? హాయిగా ఇంట్లో ఉంటావ్."

రికార్డింగ్ థియేటర్లో సౌండ్ ఇంజినీరుగా పనిచేసే కూతురు చెప్పులు వేసుకుంటున్నదల్లా ఆగింది. "నాన్నకి కడుపుమంటమ్మా. కెప్టెన్ కంటే రాణికే ఉత్తరాలెక్కువ వస్తున్నాయిగా."

"ఆ రాసేవాళ్ళకి బుర్ర మోకాల్లో ఉంది," అన్నాడు మాస్టారు. "గొంతులో గరగరకి అభిమానులేంటే? రేపు మిక్సీకి కూడా రాస్తారు, అమ్మా నీ గొంతు అమోఘం అని!"

భార్య నవ్వలేదు. పేజీని అరచేత్తో సాపు చేసింది. పెళ్ళయ్యాక ఆవిడకంటూ దొరికిన పని రాణికి గొంతివ్వడం ఒక్కటే.

"చివర్లో ఆవిడకో రెండు నిమిషాలివ్వండి."

"దేనికి?"

"చెప్పుకోడానికి."

"ఏం చెప్పుకుంటుంది? బ్రాకెట్లో 'గర్జన' అని రాశాను చూడు."

"తొమ్మిదేళ్ళూ అదే రాశారు."

"చాల్లేదా? సరే, రెండు కాదు, మూడు తీసుకో. తనివితీరా అరిచి చావు."

ఆ మాట బాగా కుదిరిందనుకుని కాఫీ పూర్తిచేశాడు.

కాగితాలు పంపేయడమే తప్ప మాస్టారు రికార్డింగ్‌కి ఒక్కనాడూ వెళ్ళి ఎరగడు. అరుపులూ కేకలూ ఎక్కించడం కూలిపని అని ఆయన ఉద్దేశం. కానీ ఇవాళ బయల్దేరాడు. తొమ్మిదేళ్ళు వేపుకుతిన్న శత్రువు చావు దగ్గరుండి చూడకపోతే ఎలా?

రాణి శరీరం రబ్బరుది. దవడలు కదిపేది వేరే మనిషి. అందుకని ముందు గొంతులు రికార్డు చేసుకుని, వాటికి తగ్గట్టు తర్వాత బొమ్మ తీస్తారు. అద్దం అవతల ఒక మైకు దగ్గర భార్య, ఇంకో మైకు దగ్గర కెప్టెన్ వేషగాడు నిలబడ్డారు. మాస్టారు అద్దం ఇవతల కూతురి పక్కన కాలుమీద కాలేసుకుని కూర్చున్నాడు.

"మాస్టారూ, అక్కని చంపడం ఏం బాలేదండీ," అన్నాడు కెప్టెన్ మైకులో. "మా ఆవిడ నాకు అన్నం పెట్టనంది."

"పస్తుండు. ఒళ్ళు తగ్గుతుంది. ఊఁ, కానియ్యండి!"

ఎర్రదీపం వెలిగింది. ఆవిడ కళ్ళు మూసుకుంది. గర్జన వస్తుందని చెవులు మూసుకోబోయిన మాస్టారికి, బావిలో చేద దిగుతున్నట్టు సన్నటి శబ్దం వినిపించింది. ఆగింది. నాలుక రెండుసార్లు చప్పుడు చేసింది. మళ్ళీ ఏదో లోతుగా, నెమ్మదిగా. నిమిషం కూడా పట్టలేదు.

కెప్టెన్ "చావు, మృగమా!" అనాలి. అనలేదు. కూతురు తల దించుకుంది. గుమ్మం దగ్గర చీపురు పట్టుకున్న థియేటర్ పనమ్మాయి మోచేత్తో కళ్ళు తుడుచుకుంటోంది.

"ఏయ్ కెప్టెన్! నీ ముక్క అనవేం?"

"ఎలా అనమంటారండీ, ఆవిడ అంత మాట అన్నాక?"

"ఏ మాట?"

అందరూ ఆయనవైపే చూశారు. ఆ చూపు మాస్టారికి బాగా తెలుసు. ఏమీ తెలీనివాళ్ళని చూసినట్టు ఆయన లోకాన్ని చూసే చూపే అది. తన మీద పడటం ఇదే మొదలు.

"అదేంటయ్యా," అంది పనమ్మాయి, "సీరియల్ రాసింది మీరంటగా. మీకు తెలీదా?"

కూతురు మైకు కట్టేసింది. "మొదటి ఏడాదే అమ్మ ఆ భాషకి మాటలు కట్టింది నాన్నా. ఆకలికో శబ్దం, భయానికో శబ్దం. ఒక్కటీ మార్చలేదు. జనం విని విని పట్టేశారు. ఉత్తరాల్లో సగం ఆ భాషలోనే, తెలుగక్షరాల్లో వస్తాయి. నువ్వు విప్పితేగా!"

"ఇప్పుడేమంది?"

కూతురు అద్దంలోకి చూస్తూ చెప్పింది. "'నీ మాటలన్నీ నేను నేర్చుకున్నాను. నా మాట ఒక్కటీ నువ్వు వినలేదు. విన్నవాణ్ణి చంపడం కష్టం. అందుకే నీకింత సులువైంది. వెళ్ళు, గెలిచావు.' అంతే."

మాస్టారు అద్దం అవతలున్న భార్యవైపు చూశాడు. 'ఏంటే ఆ గొణుగుడు?' అని ఇంట్లో ఎన్నిసార్లన్నాడో. ఏం చెబుతున్నావని ఒక్కసారీ అడగలేదు. ఆవిణ్ణి తను ఇంట్లోనూ బ్రాకెట్లోనే పెట్టాడు.

లేచి అద్దం తలుపు తోశాడు.

"మరి నా ముక్కండీ?" అన్నాడు కెప్టెన్.

"నీకు ముక్క లేదు. నువ్వావిణ్ణి చంపవు. బయటికి నడు."

ఆవిడ వేణ్ణీళ్ళు తాగుతోంది. ఆయన్ని చూసి, పనిమనిషి యజమానినడిగినట్టు అడిగింది. "సరిగ్గా రాలేదా? ఇంకోసారి చెప్పనా?"

ఆ ప్రశ్న ఆయనకి సూటిగా తగిలింది.

"'చెప్పు, వింటున్నాను' అని మీ భాషలో ఎలా అంటారు?"

ఆవిడ ఆయన్ని పైనుంచి కిందిదాకా చూసింది. "మీకెందుకండీ ఈ గరగరలు?"

"నేర్పు."

ఆవిడ అని చూపించింది. ఆయన అన్నాడు.

"పాలు పొంగినట్టుంది నాన్నా," అంది కూతురు స్పీకర్లో.

మళ్ళీ అన్నాడు. తలుపవతల కెప్టెన్ పకపకా నవ్వాడు.

"ఇంకా లోపల్నుంచి రావాలండీ," అంది భార్య. "వంటింట్లో ఒక్కదాన్నే ఉన్నప్పుడు కట్టుకున్న మాటది. నాతో ఎవరూ అనేవాళ్ళు లేరు కదా. నాకు నేనే అనుకునేదాన్ని."

మాస్టారు ఏదో చెప్పబోయాడు. కళ్ళు నిండాయి. 'నేను...' అనబోతే మాట రాలేదు. దాని బదులు లోపల్నుంచి ఓ తడి శబ్దం పెగిలి వచ్చింది.

స్పీకర్లో ఎవరూ నవ్వలేదు.

ఆవిడ గ్లాసు కింద పెట్టింది. "ఇప్పుడొచ్చింది," అంది. తన కుర్చీ ఆయనవైపు జరిపింది. "కూర్చోండి. చాలా ఉంది, చెప్పాల్సింది."