ఏడడుగుల అబద్ధం

రికార్డు రూమ్ గుమాస్తాను ఉదయం పదీ నలభైకి చంపారు. తుపాకీకి సైలెన్సర్ బిగించారు కాబట్టి పక్క గదిలో టైపు చేస్తున్నామె తల కూడా ఎత్తలేదు. చంపినవాళ్లు బీరువాలోని డ్యామ్ డ్రాయింగుల జోలికి పోలేదు. రిజర్వాయర్ పాత మ్యాపు ఒకటి, ఆరు నెలల నీటిమట్టం రిజిస్టర్ కాపీ మాత్రం పట్టుకుపోయారు.

పన్నెండు కొట్టేసరికి సేల్స్‌మన్ తన చీఫ్ ముందు నిలబడి ఉన్నాడు. సేల్స్‌మన్ అన్నది అతని కోడ్ నేమ్. లోకానికి అతను నీటి పంపుల కంపెనీ ఏజెంటు. సొంత మామగారి దృష్టిలోనైతే మూడేళ్లుగా తిరిగినా ఒక్క పంపూ అమ్మలేని దద్దమ్మ.

చీఫ్ గోడమీది మ్యాపును బెత్తంతో తట్టాడు.

"వంద కిలోమీటర్ల రిజర్వాయర్. చుట్టూ కొండలు, అడవి. డ్యామ్ దగ్గరికి చేరడానికి దారులు మూడే. తూర్పున తారు రోడ్డు, దానికి చెక్‌పోస్ట్. పడమర కొండమీద కాలిబాట, అది మనిషికి తప్ప బండికి పనికిరాదు. మూడోది నీటిదారి. దానికి అడ్డంగా పీపాల గొలుసు, కాపలా లాంచీ ఉన్నాయి. విదేశీ ముఠా ఈ సాయంత్రం నాలుగున్నరకి స్పిల్‌వే గేట్లు పేల్చబోతోంది. రెండు టన్నుల సరుకు, తారు రోడ్డు మీద, లారీలో."

"ఎవరు చెప్పారు సార్?"

"నెమలి. ముఠా లోపల మన మనిషి. తనూ ఆ లారీలోనే వస్తోంది."

నెమలి ఫొటో బల్లమీద ఉంది. చూసినవాడు మళ్లీ చూడక మానడు. సేల్స్‌మన్ కూడా రెండోసారి చూశాడు, కానీ మనసు వేరేచోట ఉంది.

"లారీకి నీటిమట్టంతో పనేంటి సార్? రోడ్డుమీద వచ్చేవాళ్లు రిజిస్టర్ కోసం మనిషిని చంపడమెందుకు?"

చీఫ్ కనుబొమలు ముడిచాడు. సేల్స్‌మన్ మ్యాపుమీద ఉత్తరపు పాయను చూపించాడు. ఆ పాయ సన్నగా వంకరలు తిరుగుతూ వచ్చి డ్యామ్ వెనకే కలుస్తుంది. అటు గొలుసు లేదు, లాంచీ లేదు. కారణం, పాయ మూతిదగ్గర పాత రోడ్డు కట్ట ఒకటి నీళ్లలో మునిగి ఉంది. అది తగులుతుందనే భయంతో ఏ పడవా ఆ దారిన రాదు.

"కట్ట మట్టం ఎనిమిది వందల పదకొండు అడుగులు. రిజిస్టర్‌లో నీటిమట్టం ఎనిమిది వందల పంతొమ్మిది. అంటే కట్టమీద ఎనిమిదడుగుల నీళ్లున్నట్టు లెక్క. వాళ్ల పడవకి నాలుగు చాలు. ఫుల్ స్పీడులో దాటేద్దామని చూస్తున్నారు."

"అలాగైతే దాటేస్తారుగా?"

"దాటలేరు. ఆ రిజిస్టర్ ఏడడుగులు అబద్ధం చెబుతుంది సార్."

పెళ్లయినప్పటినుంచి భోజనానికి కూర్చున్న ప్రతిసారీ మామగారి నోట అతను విన్న గోడే అది. మామగారు ఆ రిజర్వాయర్‌లో నీటిమట్టం చూసి రాసే గేజ్ రీడర్. పదకొండేళ్ల కిందట ఒక లాంచీ గుద్ది అడుగుల అంకెలున్న గేజ్ స్తంభం విరిగింది. దాన్ని మళ్లీ పాతిన కంట్రాక్టరు ఏడడుగులు కిందికి పాతాడు. దాంతో నీళ్లు ఉన్నదానికంటే ఏడడుగులు ఎక్కువ చూపిస్తాయి. సరిచెయ్యమని ఫైలు పెడితే, పైనుంచి ఉత్తర్వు వచ్చేదాకా స్తంభంమీద కనిపించిందే రాయమన్నారు. ఆ ఉత్తర్వు ఇప్పటికీ రాలేదు. అందుకని మామగారు కనిపించిన అంకె రిజిస్టర్‌లో రాస్తాడు, ఏడు తీసేసి అసలు అంకె కంట్రోల్ రూమ్‌కి ఫోన్లో చెబుతాడు. అక్కడ పనిచేసేవాళ్లందరికీ అది అలవాటైపోయింది. బయటివాళ్లకి ఎవరూ చెప్పరు, ఎందుకంటే ఎవరూ అడగరు.

"సర్కారు రిజిస్టర్ తప్పా? మీ మామ మాట నిజమా?" చీఫ్ నవ్వాడు. "బలగం మొత్తం తారు రోడ్డుమీదే ఉంటుంది. నువ్వు కూడా అక్కడే ఉండు. డ్యామ్ కింది కాలనీవాళ్లకి ఒక్క ముక్క చెప్పినా ఉద్యోగం ఊడుతుంది. గొడవ రేగితే ముఠా జారుకుంటుంది."

"ఊడనివ్వండి సార్," అని సేల్స్‌మన్ శాంపిల్ పంపు పెట్టె తీసుకుని బయటికి నడిచాడు.

డ్యామ్ కింద కాలనీ ఉంది. నాలుగు వందల ఇళ్లు. గేట్లు పోతే అక్కడికి నీళ్లు పదకొండు నిమిషాల్లో వస్తాయి. కాలనీ ఆసుపత్రిలో నర్సు అతని భార్య. సగం దారిలో పెట్రోల్ బంకు నుంచి ఆమెకి ఫోన్ చేశాడు.

"ఏమీ అడగకు. అందర్నీ కొండమీదికి పంపించి నువ్వూ ఎక్కెయ్."

"మంచాలమీద కదల్లేనివాళ్లు ముగ్గురున్నారండీ. మిగతావాళ్లని ఏదో ఒకటి చెప్పి పంపిస్తాను. నేను మాత్రం కదలను."

"నా మాట విను. నాకు భయంగా ఉంది."

"నాకూ భయంగానే ఉంది. మూడేళ్లలో ఒక్క పంపూ అమ్మని సేల్స్‌మన్ ఏం పనిచేస్తాడో నాకు తెలియదనుకుంటున్నారా? నా పని నేను చేస్తా, మీ పని మీరు చెయ్యండి. నాన్న జాగ్రత్త."

ఆమె ఫోన్ పెట్టేసింది. అతనికి కోపం వచ్చింది, గర్వమూ వచ్చింది. రెండూ కలిసి కాలిని యాక్సిలరేటర్ మీద తొక్కించాయి.

అతని లెక్క ఒకటే. ఏడడుగుల సంగతి ముఠాకి తెలియనంతవరకు కట్టే వాళ్లని ఆపుతుంది. కానీ మామగారు నాలుగింటికి అసలు అంకెను ఫోన్లో పైకి చదువుతాడు. ఆయన గేజ్ గదికి కంట్రోల్ రూమ్ లైను తప్ప వేరేది లేదు, ఆ కంట్రోల్ రూమ్‌కి బయటి ఫోన్లు కలవవు. ముందుగా హెచ్చరించే దారి లేదు. ఆ మాట వినడానికి అక్కడ ముఠా మనిషి ఉంటే మాత్రం అంతా అయిపోయినట్టే.

అతను గేజ్ గది మెట్లెక్కేసరికి నాలుగూ రెండు. లోపల మామగారు రిసీవర్ పట్టుకుని ఉన్నాడు.

"ఎనిమిది వందల పన్నెండు. ఆ, పన్నెండే. రాసుకోవయ్యా."

కిటికీ దగ్గర కుర్చీలో ఒకామె టీ తాగుతోంది. మెడలో పెద్ద కెమెరా, ఒళ్లో పక్షుల పుస్తకం. లారీలో ఉండాల్సిన నెమలి.

"రా అల్లుడూ," అన్నాడు మామగారు రిసీవర్ పెడుతూ. "ఈ అమ్మాయి నెల్లాళ్లుగా కొంగల ఫొటోలు తీస్తోంది. నీలా ఊరికే తిరగదు."

నెమలి అల్లుణ్ని చూడలేదు. బల్లమీది రిజిస్టర్ చూస్తోంది. "పెద్దాయనా, ఇందులో పంతొమ్మిది రాశారు. ఫోన్లో పన్నెండన్నారేం?"

మామగారు చెప్పడానికి ఉత్సాహంగా నోరు తెరిచాడు. ఆ కథ అడిగినవాళ్లు పదకొండేళ్లలో ఆమె ఒక్కతే.

"మామయ్యా, చెప్పకండి," అన్నాడు సేల్స్‌మన్.

పుస్తకం కిందనుంచి పిస్టల్ బయటికి వచ్చింది. "పెట్టె కిందపెట్టు. పెద్దాయనా, ఏ అంకె నిజం?"

మామగారు పిస్టల్ వంక చూశాడు, అల్లుడి వంక చూశాడు.

"నా టీ తాగి నామీదే తుపాకీ పెడతావా? ఇరవై ఎనిమిదేళ్లుగా ఈ నీళ్లని రోజుకి మూడుసార్లు చూస్తున్నా. కింద నా కూతురుంది. కాల్చుకో. అంకె మాత్రం చెప్పను."

ఉత్తరపు పాయలో ఇంజిన్ మోత వినిపించింది. వరద మట్టితో ఎర్రబడ్డ నీళ్లని చీల్చుకుంటూ బూడిదరంగు పడవ వస్తోంది. ఆ ఎరుపులో అడుగు లోతు కూడా కంటికి కనిపించదు.

నెమలి కిటికీలోంచి గేజ్ స్తంభాన్ని చూసింది, కింద విరిగినచోట అతికిన సిమెంటు చూసింది. తెలివైనది, క్షణంలో లెక్క కట్టేసింది. నడుముకున్న వైర్‌లెస్ తీసింది.

సేల్స్‌మన్ కిందపెట్టిన పెట్టెలోంచి పైకి వచ్చిన పంపు పిడిని కాలితో నొక్కాడు. అందులో ఉన్నది పంపు కాదు, వైర్‌లెస్ మాటల్ని అడ్డుకునే జామర్. బ్యాటరీ నలభై సెకన్లే వస్తుంది.

"ఆపండి. కట్టమీద లోతు లేదు. ఆపండి," అంటోంది నెమలి. వైర్‌లెస్ గరగరమంది తప్ప పలకలేదు. పది సెకన్లు. ఇరవై. ఆమెకి అర్థమై పిస్టల్ పెట్టెవైపు తిప్పి కాల్చింది. గుండు పెట్టెను చీల్చుకుని పోయింది. జామర్ చచ్చిపోయింది, గరగర ఆగింది.

"ఆపం..." అనేలోపు మామగారు రిజిస్టర్ ఎత్తి ఆమె చేతులమీద వేశాడు. అట్ట దళసరి, పైగా పదకొండేళ్ల కసి. వైర్‌లెస్, పిస్టల్ రెండూ నేలమీద పడ్డాయి. సేల్స్‌మన్ ఆమె చేతులు వెనక్కి విరిచి పట్టాడు.

ముగ్గురూ కిటికీలోంచి చూశారు. పడవ ఒక్కసారిగా ముక్కు పైకెత్తి, కీచుమని గీసుకుంటూ కట్టమీద ఎక్కి కూర్చుంది. పేలుడు సామాన్లకి ఫ్యూజ్ గేట్ల దగ్గరికి చేరాక తగిలించాల్సింది, అందుకే ఇక్కడ పేలలేదు. లోపలినుంచి ఎగిరిపడ్డ ఆరుగురు ఈత కొట్టబోయి, లేచి నిలబడ్డారు. పాయ మూతి నడిమధ్యలో, మోకాలు కూడా తడవని నీళ్లలో. కాపలా లాంచీ వచ్చేదాకా అలాగే చేతులెత్తి నిలబడ్డారు.

తారు రోడ్డుమీద చీఫ్ ఆపిన లారీలో కూరగాయలు దొరికాయి.

సాయంత్రం సేల్స్‌మన్ ఆసుపత్రికి వెళ్లాడు. భార్య మూడో మంచం దగ్గర సెలైన్ మారుస్తోంది. అతన్ని చూసి కళ్లు తుడుచుకుని, "చేతులు కడుక్కుని రండి," అంది.

వెనకే వచ్చిన మామగారు చిల్లుపడ్డ పెట్టెను బల్లమీద పెట్టి లోపలికి తొంగిచూశాడు.

"ఇది ఎంతసేపు పనిచేస్తుందన్నావు?"

"నలభై సెకన్లు మామయ్యా. ఇవాళ అదీ లేదు."

మామగారు నిట్టూర్చాడు. "అలాంటి పంపు ఎవడు కొంటాడయ్యా."