సుద్ద గీతలు పెట్టిన పుస్తకాలు

పొద్దున్నే కుట్టుమిషన్ మీద పుస్తకం తెరిచి పెట్టుకుని, పక్కనున్న టీ సంగతే మరిచిపోయింది అమ్మ. వీధిలో సగం మంది బట్టలు కుట్టేది ఆవిడే. అలాంటి మనిషి ఈ ఏడాది లైబ్రరీ వాళ్లు పెట్టిన పన్నెండు పుస్తకాల పందేనికి పేరిచ్చింది. నెలకొకటి, ఒక్కోదానికీ ఒక్కో షరతు. పసుపు అట్ట ఉన్నది, తన వయసుకంటే పాతది, కథలో సముద్రం ఉన్నది... అలా పదకొండు ముగించింది. పన్నెండోది చూస్తేనే భయమేసే పుస్తకమై ఉండాలట. ఆవిడ తెచ్చుకున్నది దిండంత లావుంది. గడువు ఇవాళ్టితో సరి.

"ఏమోయ్ పండితురాలా, నా చొక్కాకి బొత్తాం కుట్టేదేమైనా ఉందా?" అన్నాడు బస్సుల మెకానిక్‌గా పనిచేసే నాన్న.

"సూది అక్కడే ఉంది, చేతులు మీకూ ఉన్నాయి. నాకింకా ఇరవై పేజీలున్నాయి!"

నాన్న నవ్వుకుంటూ సూది అందుకున్నాడు.

ఆ లైబ్రరీలోనే గుమాస్తాగా పనిచేసే కూతురు మధ్యాహ్నమే ఇంటికి వచ్చేసింది. చేతిలో సంచీని దభీమని బల్ల మీద పడేసింది. అందులో అమ్మ చదివిన పదకొండు పుస్తకాలూ ఉన్నాయి.

"పరువు తీశావు కదమ్మా! ఏ పేజీ తిప్పినా సుద్ద గీతలే. నలుగురు చదివే పుస్తకాలు ఇవి! మా పెద్ద మేడం పందెంలోంచి నీ పేరు కొట్టేసింది. వీటిని శుభ్రం చేసి తెమ్మంది. ఆ లావుది కూడా ఇలా ఇచ్చెయ్."

అమ్మ మొహం పాలిపోయింది. "గుడ్డ మీదైతే దులిపితే పోతుందిగా. కాయితం మీదా పోతుందనుకున్నానే. పేరు కొట్టేస్తే కొట్టెయ్యనీ, పుస్తకం మాత్రం లాక్కోకు తల్లీ. నేను పందెం వేసుకున్నది నాతో నేనే."

"పేజీలు తిరగేసి గీతలు గీస్తే చదివినట్టా?"

ఆ మాటకి అమ్మ పుస్తకం కూతురి చేతిలో పెట్టేసి వంటింట్లోకి వెళ్లిపోయింది.

కూతురు రబ్బరు తీసుకుని విసవిసలాడుతూ కూర్చుంది. మొదటి పుస్తకంలో వరసకి అయిదారు మాటల కింద గీతలున్నాయి. మూడోదానికొచ్చేసరికి వరసకి రెండు. ఏడోదాంట్లో పేజీకి నాలుగు. పదకొండోదాంట్లో వెతుక్కోవాల్సి వచ్చింది. ఆమె చేతిలో రబ్బరు ఆగిపోయింది.

"నాన్నా, ఏంటివి?"

"రాని మాటలు," అన్నాడు భోజనానికి ఇంటికొచ్చిన నాన్న. "మీ అమ్మని మూడో తరగతితోనే బడి మాన్పించేశారు. కొలతల పుస్తకంలో పేర్లు, అంకెలు తప్ప ఏదీ గబుక్కున చదవలేకపోయేది. గీత పెట్టుకుని, కొలతలివ్వడానికి వచ్చినవాళ్లని అడిగేది. మెడ చుట్టూ టేపు పడ్డాక చెప్పక చస్తారా?"

నవ్వబోయిన కూతురికి ఏడుపొచ్చింది. పరుగున వంటింట్లోకి వెళ్లింది. "ఇంట్లో నేనుండగా వాళ్లనీ వీళ్లనీ అడగడమేంటమ్మా?"

"రోజంతా పుస్తకాల మధ్య ఉంటావు. అమ్మకి చదవడం రాదని తెలిస్తే నీకు చిన్నతనంగా ఉంటుందని..."

"చిన్నతనం నాది. నోరు జారాను, క్షమించమ్మా." లావు పుస్తకాన్ని అమ్మ చేతుల్లో పెట్టి, ఎదురుగా నేల మీద కూర్చుంది. "మేడంకి నేను చెప్పుకుంటాను. మిగిలింది పైకి చదువు, వింటాను."

అమ్మ చదివింది. మధ్యలో ఒక పెద్ద మాట దగ్గర తడబడింది. కూతురు అందించబోతే, వద్దన్నట్టు చెయ్యెత్తింది. కూడబలుక్కుని తనే పలికింది. అంత పట్టుదల ఎంతమందికి ఉంటుంది చెప్పండి! చివరి పేజీ అయ్యేసరికి ముగ్గురి కళ్లూ తడిగానే ఉన్నాయి.

"సాధించావమ్మా!" అంది కూతురు.

అమ్మ పైటచెంగుతో కళ్లు తుడుచుకుని సంచీ వైపు చూసింది. "ఆ మొదటి పుస్తకం ఇలా ఇవ్వవే. అప్పుడు మాటలు కూడబలుక్కోవడంతోనే సరిపోయింది. కథేమిటో ఇప్పుడు చదువుకుంటాను."