కారు విన్న మాట

పల్లంరాజు పోయిన రోజు మంగళవారం. ఉదయం ఏడు గంటలకు, గోదారి సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ళ గట్టు దగ్గర అతని పడవ ఇసుకకు ఒరిగి కనిపించింది. ఇంజను ఇంకా వేడిగా ఉంది. వల మడత విప్పలేదు. మనిషి లేడు. గురువారం సముద్రం శవాన్ని ఒడ్డుకు చేర్చింది. తల వెనక బలమైన దెబ్బ ఉంది. తాగి పడవ మీంచి జారిపడ్డాడని కాగితాల్లో రాశారు. అలా రాయించింది ఏజెంట్ గంగాధర్.

పల్లంరాజు జాలరి. రెండేళ్ళుగా నిఘా ఏజెన్సీకి తీరం మీద ఒక కన్ను అతను. తెలియని పడవ ఏదైనా వస్తే గంగాధర్‌కు ఫోన్ చేసి, "ఐసు తక్కువైందబ్బాయ్" అనేవాడు. అదే కోడ్. గంగాధర్ అతణ్ణి బాబాయ్ అని పిలిచేవాడు.

మత్స్యశాఖ ఉద్యోగి వేషంలో గంగాధర్ నరసాపురంలోని ఆ ఇంటికి వెళ్ళాడు. పల్లంరాజు భార్య లోవమ్మ గుమ్మంలో కూర్చుని ఉంది.

"మా ఆయన తాగుడు మానేసి తొమ్మిదేళ్ళయిందండి. నా మీద ఒట్టేసి మానేశాడు."

"ఆ రోజు తాగాడమ్మా," అన్నాడు గంగాధర్. అని, నేల వైపు చూశాడు.

వారం తర్వాత రాజమండ్రిలో, హోమియో మందుల షాపు పైన ఉన్న గదిలో బ్రీఫింగ్ జరిగింది. చీఫ్ ఎజ్రా ఎప్పుడూ ముక్కలుగా మాట్లాడతాడు.

"బాబాయ్ ఎక్కడికి వెళ్తున్నాడో నీకూ అతనికీ తప్ప తెలియదు. ఎలా పొక్కింది?"

"తాగి ఎక్కడో నోరు జారి ఉంటాడు సార్."

ఎజ్రా అతని ముఖం కాసేపు చూసి ఫైల్లో ఆ మాటే రాసుకున్నాడు. తర్వాత ఒక కారు ఫొటో బల్ల మీద పెట్టాడు.

"తరంగ ఎలక్ట్రిక్. డెల్టాలో మూడు వందల మంది కొన్నారు. అందరిదీ ఒకటే గోల. కారు బాగుంది, లోపలున్న స్క్రీన్ బాగోలేదు. ఫోన్ కలవదు. కలిస్తే వదలదు."

"నాదీ ఆ కారే సార్."

"అందుకే నిన్ను పంపిస్తున్నా. కంపెనీ సర్వర్‌లోకి ఒక విదేశీ ముఠా దూరింది. శుక్రవారం భీమవరంలో ఓనర్ల మీటింగ్. ఫోన్ కష్టాలన్నీ తీర్చే అప్‌డేట్ ఇస్తామంటున్నారు. పదకొండింటికి అందరి ఫోన్లలో 'అనుమతించు' అని ఒక బటన్ వెలుగుతుంది. నొక్కినవాడి ఫోన్‌లో ఉన్న పేర్లు, కాల్స్, మెసేజ్‌లు మొత్తం ముఠాకి పోతాయి. రెండే నిమిషాలు. ఆ తర్వాత కంపెనీ కనిపెట్టేస్తుంది."

"రొయ్యల రైతుల ఫోన్లతో వాళ్ళకేం పని?"

"తీరంలో బాబాయ్ లాంటివాళ్ళు ఇంకా ముప్పై ఒక్క మంది ఉన్నారు. ఆయన నీకు నేరుగా ఫోన్ చేసేవాడు. మిగతావాళ్ళు ఐస్ ఫ్యాక్టరీల వాళ్ళకీ, బోటు యజమానులకీ చేస్తారు. వాళ్ళు మనకి చెబుతారు. ఆ యజమానులంతా శుక్రవారం ఆ హాల్లోనే ఉంటారు."

ఎజ్రా కారు తాళంలాంటిది ఒకటి అందించాడు. అది జామర్. నొక్కితే హాలంతా నెట్‌వర్క్ చచ్చిపోతుంది.

"హడావుడి వద్దు. ముఠా బెదిరిపోతే మళ్ళీ దొరకదు. కంపెనీలో మన మనిషి నాగశ్రీ. తెలుసుగా?"

తెలుసు. పల్లంరాజు పోవడానికి ముందు రోజు కూడా గంగాధర్ ఆమెను నరసాపురంలో కలిశాడు.

శుక్రవారం పదిన్నరకి భీమవరం ఫంక్షన్ హాలు నిండిపోయింది. గంగాధర్ ఆకివీడు చెరువుల రైతుగా వచ్చాడు. తెల్ల చొక్కా, వేలికి లావుపాటి ఉంగరం, అతికించిన మీసం. స్టేజి పక్కన రిబ్బన్లు కట్టిన కొత్త కారు ఒకటి నిలబెట్టారు. ఓనర్ల సంఘం ప్రెసిడెంటు విశ్వనాథరాజు మైకు పట్టుకుని అందరి కష్టాలూ అడుగుతున్నాడు.

"నాది వినండి ముందు," అంటూ ముందు వరసలో సుభద్రమ్మ లేచింది. "మా కారుకి నా ఫోను కలవదండి. మా కోడలి ఫోనంటే మాత్రం ప్రాణం. మొన్న ఆవిడ వంటింట్లో వాళ్ళమ్మతో మాట్లాడుకుంటోంది. నేను గేటు దగ్గర కారు స్టార్ట్ చేశాను. అంతే! వాళ్ళమ్మగారి గొంతు కారులోకి వచ్చేసింది. నా గురించి ఆవిడకున్న అభిప్రాయమంతా కూర్చుని వినేశాను."

"పాపం కోడలుగారు ఏం చేశారండి?" అని వెనకనుంచి ఎవరో అరిచారు.

"ఏం చేస్తుంది? సిగ్నల్ పోయిందనుకుని హలో హలో అంటూ వంటింట్లో తిరుగుతోంది!"

హాలు గొల్లుమంది. గంగాధర్ కూడా నవ్వాడు. నవ్వుతూనే ఆగిపోయాడు.

"పట్టిసీమ నీళ్ళు వచ్చాయాండి?" అన్న గొంతు చెవి పక్కన వినిపించింది. నాగశ్రీ. నెమలికంఠం రంగు పట్టుచీర, కంపెనీ బ్యాడ్జి.

"లాకులెత్తితే వస్తాయి," అని గంగాధర్ జవాబు కోడ్ చెప్పాడు.

"రండి, కొత్త మోడల్ చూపిస్తాను."

ఇద్దరూ స్టేజి పక్కనున్న కారులో కూర్చున్నారు. తలుపులు మూసుకోగానే హాలు చప్పుడు ఆగిపోయింది. పది నలభై ఆరు. గంగాధర్ జేబులో జామర్ నొక్కి, మెల్లగా బయటికి తీసి చూశాడు. దాని చిన్న తెర మీద అక్షరాలు వెలిగాయి: 'అప్‌డేట్ అవుతోంది. దయచేసి ఆపవద్దు. 19 నిమిషాలు.'

నాగశ్రీ చిన్నగా నవ్వింది. "మా కార్లే అనుకున్నాను. మీ సామాను కూడా ఇంతేనన్నమాట."

జామర్ పనిచెయ్యకపోయినా ఆమెకు కంగారు లేదు. అతనికి అర్థమైంది. "నువ్వు వాళ్ళ మనిషివి."

"ఆయ్."

"బాబాయ్‌ని పట్టించింది నువ్వేనా?"

"మీరేనండి." ఆమె గొంతులో వెటకారం లేదు. "నరసాపురంలో, గోదారి గట్టు మీద మీరు ఫోన్ చేసుకోవాలన్నారు. నన్ను ఎండలో నిలబెట్టడం మర్యాద కాదని కారులో కూర్చోబెట్టారు. గట్టు మీద నడుస్తూ నాకు ఉక్కపోస్తుందని యాప్‌లో ఏసీ కూడా వేశారు. కారు నిద్రలేచింది. లేవగానే మీ కాల్ లాక్కుంది. 'రేపు తెల్లారేసరికి అన్నాచెల్లెళ్ళ గట్టు కాడ ఉంటానబ్బాయ్' అని ముసలాయన మీ కారు స్పీకర్లలోనే చెప్పాడు. మీరేమో అక్కడ హలో హలో అంటున్నారు."

గంగాధర్‌కు ఆ మధ్యాహ్నం మొత్తం గుర్తొచ్చింది. మాట వినపడక ఫోన్ కట్ చేసి మళ్ళీ చేశాడు. ఆ గట్టు మీద సిగ్నల్ ఎప్పుడూ అంతేనని విసుక్కున్నాడు. వెనక్కి వచ్చి కారు తలుపు తీసి, "చల్లగా ఉందా అండి?" అని కూడా అడిగాడు.

"మీరు కదలకండి," అంది నాగశ్రీ. "లేచి గొడవ చేస్తే ఎలా తెలిసిందో మీ చీఫ్‌కి చెప్పాల్సి వస్తుంది. తాగుబోతు వాగాడని ఫైల్లో రాయించారటగా? అది అలాగే ఉండనివ్వండి. మీ పరువు మీకుంటుంది."

ఆమె దిగి వెళ్ళిపోయింది. గంగాధర్ కారులోనే ఉండిపోయాడు. తలుపు తీసుకోవడానికి చెయ్యి రాలేదు. తెలియక చేసింది ఒకటి ఉంది. తెలిసి ఆడిన అబద్ధం ఒకటి ఉంది. అతన్ని పట్టుకున్నది రెండోది.

పది యాభై తొమ్మిదికి అతను స్టేజి ఎక్కి విశ్వనాథరాజు చేతిలోంచి మైకు తీసుకున్నాడు.

"ఏంటండీ ఇది? ఎవరు మీరు?"

గంగాధర్ మీసం పీకేశాడు. ముందు వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు.

"ఏం ఉద్యోగమో చెప్పకూడని ఉద్యోగం నాది. దయచేసి ఆ బటన్ నొక్కకండి. మీ ఫోన్లు శత్రువుల చేతికి పోతాయి."

"ఏడాది నుంచి పడుతున్నామండి!" అని ఒకాయన లేచాడు. "ఇవాళ బాగవుతుందంటే మీరొచ్చి అడ్డుపడతారేంటి?"

మూడు వందల ఫోన్లలో ఆకుపచ్చ బటన్ వెలిగింది. పదకొండు.

"నాది కూడా ఈ కారే," అన్నాడు గంగాధర్. "సుభద్రమ్మగారి కోడలి ఫోన్‌కి జరిగిందే నాకూ జరిగింది. అక్కడ అందరం నవ్వుకున్నాం. ఇక్కడ ఒక మనిషి చచ్చిపోయాడు. పల్లంరాజు అని, జాలరి. దేశం కోసం పనిచేశాడు. ఆయన నాతో చెప్పిన మాట నా కారు ఇంకొకరికి వినిపించింది."

"ఆయన తాగి పడిపోయాడన్నారు కదండీ?" నరసాపురం బోటు యజమాని ఒకడు అడిగాడు.

"తాగలేదు. ఆ మాట పుట్టించింది నేనే."

సుభద్రమ్మ ఫోను ఆపేసి, హ్యాండ్‌బ్యాగులో వేసి, జిప్పు లాగింది. పక్కావిడ వేలు బటన్ మీదికి వెళ్తుంటే చెయ్యి పట్టుకుని ఆపింది. విశ్వనాథరాజు మైకు అక్కర్లేకుండానే అరిచాడు: "ఫోన్లన్నీ ఆపెయ్యండర్రా! కష్టాలు ఇంకో నెల పడదాం!"

వరస తర్వాత వరస తెరలు ఆరిపోయాయి. పదకొండు రెండుకి స్టేజి మీది పెద్ద తెర ఒకటే అంకె చూపించింది. అనుమతించినవారు: సున్నా.

నాగశ్రీ పార్కింగ్‌లో తన కారెక్కి పారిపోబోయింది. ఫోనే దాని తాళం. 'ఈ ఫోన్‌ను గుర్తించలేకపోతున్నాం' అంది తెర. గంగాధర్ ఆమె పేరు చెప్పగానే బయటున్న ఎజ్రా మనుషులు కదిలారు కానీ, పరిగెత్తాల్సిన పని లేకపోయింది. నడుచుకుంటూ వెళ్ళి అద్దం తట్టారు.

ఆ సాయంత్రం ఎజ్రా ఫైల్లో పాత వాక్యం కొట్టేసి కొత్తది రాశాడు. హాల్లో విన్నది బయటికి పొక్కనివ్వబోమని మూడు వందల మందీ మాట ఇచ్చారు. గంగాధర్‌ను ఫీల్డు నుంచి తప్పించి రాజమండ్రి గదిలో బల్ల దగ్గర కూర్చోబెట్టారు.

"బాబాయ్ భార్యకి ఎవరు చెబుతారు?" అన్నాడు ఎజ్రా.

"నేనే చెబుతాను సార్."

ఆ తర్వాత మూడుసార్లు అతను నరసాపురం బస్సెక్కాడు. మూడుసార్లూ బస్టాండులో టీ తాగి తిరుగు బస్సు పట్టుకున్నాడు. మూడు వందల మంది ముందు రెండు నిమిషాల్లో చెప్పగలిగిన మాట, గుమ్మంలో కూర్చున్న ఒక్క మనిషికి చెప్పడానికి కాళ్ళు కదలడం లేదు.

ముప్పై ఒక్క మంది క్షేమంగా వేటకి వెళ్తున్నారు. ఊళ్ళో పల్లంరాజు తాగి పోయాడనే అంటున్నారు. లోవమ్మకు గంగాధర్ ఇంకా నిజం చెప్పలేదు.