బెల్టు తెగిన అంబాసిడర్

క్రేన్ కాలవలోంచి అంబాసిడర్‌ని పైకి లాగింది. వెనక సీట్లో నాగేంద్రబాబు శవం.

1998 మే. పామర్రు దాటాక చల్లపల్లి రోడ్డు మలుపు. మిట్టమధ్యాహ్నం.

ఇన్‌స్పెక్టర్ నరేంద్ర కారు చుట్టూ తిరిగాడు. వారంగా అతనికి సరైన నిద్ర లేదు. డ్రైవర్ తలుపు తెరిచి ఉంది. నాలుగు అద్దాలూ ఎత్తే ఉన్నాయి. బానెట్ తీస్తే లోపల బెల్టు తెగి వేలాడుతోంది.

గట్టు మీద జనం అప్పటికే తీర్పు చెప్పేశారు. మెకానిక్ చంపేశాడు.

నాగేంద్రబాబుకి నాగాయలంకలో రొయ్యల చెరువులున్నాయి. ఆ నెలలోనే కారుకి పెట్రోల్ ఇంజన్ తీయించి డీజిల్ ఇంజన్ ఎక్కించాడు. ఆ పైన పవర్ స్టీరింగ్, ఏసీ. గుడివాడ మెకానిక్ యలమంద, చోటు చాలక, రెండింటినీ ఒకే బెల్టుతో తిప్పాడు. అది తెగితే ఏసీ ఆగిపోతుంది. స్టీరింగ్ బండరాయవుతుంది.

సాయంత్రానికి నాగేంద్రబాబు భార్య ఇందిర కంప్లయింట్ ఇచ్చింది. యలమంద షెడ్డుకి తాళం పడింది.

ప్రాణాలతో బయటపడ్డ డ్రైవర్ పోలయ్యని నరేంద్ర అడిగాడు.

"బెల్టు ఎక్కడ తెగింది?"

"గుడివాడ దాటగానే అండి. స్టీరింగ్ బరువెక్కిపోయింది. ఆపుదామంటే బాబుగారు వినలేదండి. అలాగే లాక్కొచ్చాను. మలుపులో తిరగలేదు."

మర్నాడు ఇందిర, యలమంద, పోలయ్య ముగ్గుర్నీ స్టేషన్లో కూర్చోబెట్టాడు. యలమంద తన చేతులకేసే చూసుకుంటున్నాడు. ఎవరూ రుజువు చేయకముందే, చంపింది తనేనని అతనికి నమ్మకం కుదిరిపోయింది. అలాంటి వాళ్ళతో కేసు త్వరగా తేలిపోతుంది. తేల్చేసి ఇంటికెళ్ళి పడుకోవాలనే నరేంద్రకీ ఉంది.

అయినా ఇందిరని అడిగాడు. "ఆయనకి ఉక్క పడేదా అమ్మా?"

"క్షణం ఓర్చుకోరండీ. కరెంటు పోతే వీధిలోకి వచ్చేస్తారు."

నరేంద్ర పోలయ్య వైపు తిరిగాడు.

"బెల్టుతోపాటు ఏసీ కూడా గుడివాడ దగ్గరే ఆగిందిగా. ఈ ఎండల్లో, అద్దాలన్నీ ఎత్తుకుని, పామర్రు దాకా ఎలా కూర్చున్నారయ్యా ఇద్దరూ?"

పోలయ్య నిజం ఒప్పుకున్నాడు.

బెల్టు తెగింది కాలవలో పడ్డ దెబ్బకి. గట్టు మీద జనం స్టీరింగ్ పట్టేసిందా అంటే, ఔనన్నాడు. పోలీసులు గుచ్చి అడిగేసరికి ఆ అబద్ధాన్ని గుడివాడ దాకా సాగదీశాడు.

"నిద్రపట్టేసిందండి," అన్నాడు చివరికి. "చెరువులో రొయ్యల పట్టుబడి. మూడు రాత్రులు లారీల వెనకే తిరిగాను. ఇదివరకైతే వడగాలి మొహాన కొట్టేది, కునుకు వచ్చేది కాదు. ఆ ఏసీ చల్లదనానికి..."

ఇందిర తల దించుకుంది. మూడు రాత్రులూ పోలయ్యని లేపి పంపింది తన భర్తేనని ఆమెకి తెలుసు.

నరేంద్ర షెడ్డు తాళంచెవి బల్ల మీద పెట్టాడు. యలమంద తీసుకోలేదు.

"బండి ఇచ్చిన రోజే పోలయ్య చెప్పాడండి. ఏసీ వేస్తే నిద్రొస్తోంది బావా అని. పెళ్ళికొడుకు భోగం పట్టిందిరా నీకు, అని నవ్వాను."

నరేంద్ర తాళంచెవిని అతని వైపు జరిపాడు. యలమంద దాన్ని అందుకుని, ఎండలోకి వెళ్ళిపోయాడు.

బెంచీ మీద పోలయ్య అప్పటికే నిద్రలోకి ఒరిగిపోయాడు. సంతకం కోసం కానిస్టేబుల్ భుజం పట్టి కుదపబోయాడు.

"రిపోర్టు రాసేదాకా పడుకోనీ," అన్నాడు నరేంద్ర.